వంటింటి చేతులు

వంకాయ కూర దించి, గిన్నెలు సింకులో పడేసి, నిమ్మచెక్కతో గోళ్ల సందులు రుద్దుకుంటున్నాను. పసుపు గోరు మూలలో చేరిందంటే సబ్బుకు లొంగదు. నిమ్మచెక్క, ఆ తర్వాత పాత టూత్‌బ్రష్, ఆ తర్వాత మళ్లీ సబ్బు. రోజూ ఇదే తంతు. రాత్రి మిగిలిన అన్నం ఏం చేయాలి, అత్తమ్మ బీపీ మాత్ర ఇచ్చానా లేదా, మోటరు కట్టేశానా అని ఒక పక్క ఆలోచిస్తూనే ఇంకో పక్క గోళ్లు రుద్దుకుంటూ ఉంటాను. వెనక నుంచి మా ఆయన హరికృష్ణ, పేపరు మడుస్తూ, "గంతగనం రుద్దుతానవ్, పొయ్యేది ఆపరేషన్ థియేటర్‌కా?" అన్నాడు. హనుమకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్ ఆయన. పిల్లలకు పౌరహక్కులు చెప్తాడు. తాగిన గ్లాసు మాత్రం సింకు దాకా తేలేడు.

అది శుక్రవారం. శుక్రవారమైతే మా అత్త పూలమ్మకు నా పాదాలు తప్ప ఇంకేం కనబడవు. "కాళ్లకు పసుపు లేదు, పుస్తెలకు పసుపు లేదు. తలల పూవు లేదు, ముఖానికి పౌడరు లేదు. ముత్తైదువ తిరుగుడేనా ఇది? నా కొడుకు నిండు నూరేండ్లు ఉండాల్నని లేనే లేదు నీకు" అంది సోఫాలోంచి. నేను పనిచేసే ల్యాబ్‌లోకి పసుపు, పౌడరు, పూలు ఏవీ పోకూడదని ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఆవిడ, "లోకంల ఆడోళ్లంత ఉద్యోగాలు చేస్తలేరా?" అంటుంది. చుట్టాలొస్తే వాళ్ల ముందు అంటుంది. పేరంటానికి వెళ్తే నలుగురిలో నా కాళ్లు చూపించి మరీ అంటుంది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు అసహ్యం. దాచుకునేది ఏముంది, నాకు ఆవిడంటే అసహ్యం.

ఇంతా చేసి ఆ ఇంట్లో పసుపు పని మొత్తం నాదే. అత్తమ్మకు కూరలో ప్యాకెట్ పసుపు పనికిరాదు. ఏనుమాముల మార్కెట్ నుంచి కొమ్ములు తెచ్చేదీ, డాబా మీద ఎండబెట్టేదీ, గిర్నీకి మోసి పట్టించేదీ, జల్లెడ పట్టి డబ్బాల్లో పోసేదీ నేను. ఆ వారమంతా తుమ్ములే. దేవుడి గూట్లోకి మాత్రం ప్యాకెట్టే. వీధి చివరి దుకాణంలో పూజ సామాను పక్కన వేలాడే, కళ్లు చెదిరే పసుపుపచ్చ ప్యాకెట్. "అది తినేదా ఏమన్ననా, రంగు మంచిగుంటె చాలు" అంటుంది అత్తమ్మ.

మా కంపెనీ హసన్‌పర్తి దాటాక ఉంది. టెల్లూరియం అని వెండిరంగులో మెరిసే పదార్థం ఒకటుంది. దాన్ని కరిగించి, శుద్ధి చేసి, దిమ్మలుగా పోసి, చీకట్లో చూసే కెమెరాలు తయారుచేసే వాళ్లకు అమ్ముతారు. శుద్ధి చేసేది కొలిమి విభాగం, దాని పెద్ద కిషన్ రావు సార్. ల్యాబ్‌కు కూడా ఆయనే పెద్ద. అది నిజంగా ఎంత శుద్ధమో తేల్చేది నేను. గ్లో డిశ్చార్జ్ మాస్ స్పెక్ట్రోమీటర్ అని పెద్ద పేరున్న మిషన్ నాది. నాది అనే అంటాను. అది పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన రోజు నుంచి దాని పక్కన ఉన్నది నేనొక్కదాన్నే.

దిమ్మలోంచి పుల్లంత ముక్క కోసి, ఆమ్లంలో కడిగి, ఆర్గాన్ వాయువు నింపిన చిన్న గదిలో పెట్టి కరెంటు ఇస్తాను. లోపల ఊదారంగు వెలుగు పుడుతుంది. ఆ వెలుగు ముక్కను పొర తర్వాత పొరగా గీరుతూ పోతుంది. గీరితే లేచిన పరమాణువులను అయస్కాంతం బరువును బట్టి విడదీస్తుంది. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. ఏ బరువువి ఎన్ని వచ్చాయో లెక్క తెర మీద కనబడుతుంది. లారీ లోడు బియ్యంలో ఒకే ఒక్క రాయి ఉన్నా ఏరిపెట్టే మిషన్ అది. అంత ఏరిపెట్టే దాని ముందు కూర్చునే మనిషి ఎంత శుభ్రంగా ఉండాలి? చేతి చెమటలో సోడియం, ముఖం పౌడరులో మెగ్నీషియం, అన్నీ దానికి దొరికిపోతాయి. అందుకే నిమ్మచెక్క. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రమే నేను ఒకరి భార్యను, ఒకరి కోడలిని కాను. ఆ కుర్చీ పోతే నాకు మిగిలేది ఆ వంటగదే. ఈ ముక్క నేను ఎవరితోనూ అనలేదు, కానీ రోజూ అనుకుంటాను.

ముందు రోజే ఆ కుర్చీకి ఎసరొచ్చే సంగతి బయటపడింది. దసరా తర్వాత పోసిన మొదటి దిమ్మలోంచి కోసిన ముక్క పెడితే సీసం, క్రోమియం కనబడ్డాయి. ఉండకూడనంత ఉన్నాయి. రెండోసారి కొత్త ముక్క పెట్టాను. అవే. కిషన్ రావు సార్‌కు చెప్పాను. "చూద్దాం" అన్నాడు.

శుక్రవారం పొద్దున మీటింగులో చూశాడు. కొలిమి వాళ్లు, అమ్మకాల వాళ్లు, అందరూ ఉన్నారు. గదిలో ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ, ముక్కలు కోసే పర్వీనూ. సార్ వచ్చేసరికే నా ముందు చాయ్ ట్రే ఉంది. ఆఫీసు అటెండరు లేని రోజు చాయ్ పంచడం నా పనే. ఎందుకు నా పనో ఎవరూ అడగరు. దసరా నాడు కంపెనీ పూజకు వాకిట్లో ముగ్గు కూడా నేనే వేశాను. పులిహోర కూడా నేనే వండి తెచ్చాను. పూజ సామాన్లు మాత్రం తేనన్నాను. పసుపు ల్యాబ్ గడప దాటొద్దని చెబితే, "అబ్బో సైంటిస్టమ్మ" అని నవ్వి, సారే దుకాణం నుంచి తెప్పించుకున్నాడు.

"దిమ్మల తప్పేం లేదు" అన్నాడు సార్ చాయ్ ఊదుకుంటూ. "ముక్క ఖరాబైంది. మన పద్మలత పొద్దుగాల లేచి గిన్నెలు తోమి సీదా ఇక్కడికొస్తది. స్టీలు గిన్నెలల్ల క్రోమియం ఉంటది. పాత ఇత్తడి గిన్నెల కళాయిల సీసం ఉంటది. లెక్క సరిపాయె. వంటింటి చేతులు, ఏం జేస్తం?"

గొల్లుమన్నారు. ఒకడైతే నవ్వాపుకోలేక బల్ల మీద చరిచాడు. ఆ పొద్దున గీరిన గోళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి. "సార్, స్టీలైతే క్రోమియం కంటె ముందు ఇనుము కనబడాలె. నికెల్ కనబడాలె. రెండూ లేవు" అన్నాను. "చేతి మురికైతే పైన ఉంటది. కొద్దిసేపు గీరంగనే పోతది. పొద్దటి నుంచి సాయంత్రం దాకా గీరిన. జర గూడ తగ్గలే. లోపలి దాకా ఉన్నది సార్."

"నాకు నేర్పుతానవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత తన గదికి పిలిచి, నవ్వకుండా ఇంకో మాట చెప్పాడు. నిరుటి మంచి దిమ్మలోంచి ఒక ముక్క ఇస్తాడట. దాన్ని మిషన్‌లో పెట్టి, కొత్త దిమ్మ పేరు మీద రిపోర్టు ఇవ్వాలట. మరి మొదటి లెక్కలు తప్పెందుకు వచ్చాయని ఎవరైనా అడిగితే చూపించడానికి, నా చేతుల వల్లే ముక్క పాడైందని ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలట. "నిన్నేమనమమ్మా. చిన్న పొరపాటు, అయితనే ఉంటది. లేదంటవా, నీకు మిషన్ ఎందుకు, హాయిగ డిస్పాచ్‌ల కూసోని స్టిక్కర్లు అంటించుకో. సాయంత్రం జల్దీ ఇంటికి పోవచ్చు, పిల్లగాండ్లకు వండి పెట్టుకోవచ్చు." నాకు పిల్లలు లేరని ఆయనకు తెలుసు.

మిషన్ గదికి వచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. కోపానికి వచ్చిన ఏడుపు అది, కానీ చూసేవాళ్లకు తేడా తెలియదు కాబట్టి తొందరగా తుడుచుకున్నాను. ఆ లెక్కలే మళ్లీ మళ్లీ చూశాను. అప్పుడు తట్టింది. సీసం పరమాణువులు ఎన్నో, క్రోమియం పరమాణువులు కూడా దాదాపు అన్నే. ఒకటికి ఒకటి. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన వాటికి అంత పొందిక ఉండదు. రెండూ ఒకే పదార్థంలో కలిసి వచ్చాయన్నమాట. ఆ పదార్థం పేరు లెడ్ క్రోమేట్. రంగుల్లో వాడతారు. కళ్లు చెదిరే పసుపుపచ్చ రంగు. కల్తీ చేసేవాళ్లు దాన్ని పసుపులో కలుపుతారు.

పర్వీన్‌ను పిలిచాను. "దసరా నాడు కొలిమికి బొట్లు పెడితే పెట్టిన్రు, దిమ్మలకెట్ల పోయిందే పసుపు?" అని అడిగాను. తను తలుపు వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా చెప్పింది. "కొలిమికి ఒక్కదానికేనా అక్కా? కొత్త అచ్చు వచ్చింది గద దిమ్మ పోసేది. సారే స్వయంగ రాసిండు, లోపలంత గడపకు రాసినట్టు రాసిండు. కొత్తది గద, మంచిగ కలిసి రావాల్నని. తెల్లారి దాంట్లనే పోసిండ్రు."

కాగే టెల్లూరియం ఆ పసుపు మీద పడింది. పసుపు మాడి పోయింది, దాంట్లోని సీసం, క్రోమియం దిమ్మలో కలిసిపోయాయి. అంతే సంగతి. ఎవరి పాపమూ లేదు, కొత్తదానికి పసుపు రాయడం మాకందరికీ అలవాటే. మా ఇంట్లో కొత్త మిక్సీకి నేనూ రాశాను. చెప్పి కరిగిస్తే మళ్లీ శుద్ధి అవుతుంది దిమ్మ. కానీ ఆ చెయ్యి ఆయనది అయ్యేసరికి ఆచారమైంది, నాది అనేసరికి మురికైంది.

"ఈ ముచ్చట నువ్వు సార్ ముందట చెప్తవా?" అని అడిగేశాను. పర్వీన్ ముఖం చిన్నబోయింది. "అక్కా, పూజ తప్పని పర్వీన్ అన్నదంటే ఏమైతదో నీకెర్కలేదా? ఫికర్ జేయకు, నేను చెప్త అనాల్నని ఉంది, కని సార్ ముందట నా నోట్లకెళ్లి ఆ మాట రాదక్కా." అడిగినందుకు నాకే సిగ్గేసింది. నవ్విన మగవాళ్లలో ఏ ఒక్కడూ ఆ అచ్చు చూడలేదా? అందరూ చూశారు. వాళ్లకు లేని భయం పర్వీన్‌కు ఉందంటే అది తన పిరికితనం కాదు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగానే హరికృష్ణ, "మీ సార్ ఫోన్ చేసిండు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "నాకా?" అన్నాను. "నాకు. పెద్దమనిషి, ఎంత మర్యాదగ మాట్లాడిండు. మీ ఆవిడ జర మొండికేస్తాంది, మీరు చెప్తె వింటది అన్నడు. నేను సరే అన్న. సోమవారం సంతకం పెడ్తది సార్, నాది పూచీ అన్న."

నేను పొద్దున్నుంచి జరిగిందంతా చెప్పాను. సీసం, క్రోమియం, పొరలు, అచ్చు, పసుపు, అన్నీ. నేను మాట్లాడుతుంటే ఆయన ఫోన్ చూస్తూనే ఉన్నాడు. చివరికి, "అయితేంది? ఒక్క సంతకానికి గింత రామాయణమా? నీ చేతులే ఖరాబు అనుకో, నీ సొమ్మేం పోతది? ఆడోళ్లకు పట్టుదల ఎక్కువైతే ఇల్లు నిలవదు" అన్నాడు. అత్తమ్మ లోపలి నుంచే అందుకుంది. "పసుపుకు పేరు పెట్టే నోరు! అందుకే ఈ ఇంట్ల పిల్ల లేదు, జెల్ల లేదు." ఆ మాట కొత్తది కాదు. కొత్తది ఏమిటంటే, ఆ మాటకు మా ఆయన ఎప్పటిలా తల వంచుకోలేదు, అవునన్నట్టు తల ఊపాడు. నా గురించి ఇద్దరు మగవాళ్లు ఫోన్‌లో ఒప్పందం చేసుకున్నారు. నా సంతకం ఎప్పుడు, ఎక్కడ, ఏ కాగితం మీద పడాలో నిర్ణయించుకున్నారు. పెళ్లినాడు కూడా నన్ను ఇంత తేలిగ్గా అప్పగించుకోలేదు.

శనివారం పొద్దున నేను గొడవేం పెట్టుకోలేదు. వంట చేశాను. గోళ్లు రుద్దుకున్నాను. వంటింటి డబ్బాలోంచి మా పసుపు చిటికెడు ఒక కవరులో, దేవుడి గూట్లోంచి ప్యాకెట్ పసుపు చిటికెడు ఇంకో కవరులో వేసుకున్నాను. గూటి ముందు నన్ను చూసి అత్తమ్మ ముఖం విప్పారింది. "ఇన్నేండ్లకు బుద్ధొచ్చింది బిడ్డా. పెట్టుకో, కాళ్లకు గూడ పెట్టుకో" అంది. "పెట్టడానికే తీస్కపోతాన అత్తమ్మా" అన్నాను.

ఆ రోజు కిషన్ రావు సార్ హైదరాబాద్‌లో ఉన్నాడు. నిరుటి దిమ్మ ముక్క నా బల్ల మీద పెట్టించి వెళ్లాడు. దాన్ని ముట్టుకోలేదు. పసుపులోంచి కరెంటు పారదు. అందుకని రెండు పసుపులనూ విడివిడిగా శుద్ధమైన రాగిపొడిలో కలిపి బిళ్లలుగా నొక్కాను. మిషన్ పాడవకుండా లోపలి గదికి పాత విడిభాగాలు బిగించాను. కొలిమి గదిలో మిగిలిన పూజ ప్యాకెట్ పర్వీన్ తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తను చెప్పగలిగింది అంతే, నాకు చాలింది. దాన్నీ మూడో బిళ్లగా చేశాను.

నేను ఎండబెట్టి, మోసి, జల్లించిన వంటింటి పసుపులో పొటాషియం ఉంది, కాల్షియం ఉంది, మట్టి నుంచి వచ్చేవి ఏవేవో ఉన్నాయి. సీసం, క్రోమియం మాత్రం లేనట్టే. దేవుడి గూటి పసుపులో ఉన్నాయి. కొలిమి గది ప్యాకెట్‌లో ఉన్నాయి. ఒకటికి ఒకటి, దిమ్మలో ఉన్నట్టే. తెర ముందు కూర్చుని గట్టిగా నవ్వాను. ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, కాబట్టి ఆపుకోలేదు. నా చేతులకు అంటుకునే పసుపు ఆ మిషన్ చూసిన మూడింటిలో అన్నిటికంటే శుభ్రమైనది.

తర్వాత నవ్వు పోయి భయం పట్టుకుంది. ఈ లెక్కలు తీసుకెళ్లి సార్‌కు చూపిస్తే ఏమవుతుంది? ఆయన చూస్తాడు. బాగుందమ్మా అంటాడు. కాగితాలు సొరుగులో పెడతాడు. సోమవారం నా ముందు అదే ఒప్పుకోలు పత్రం ఉంటుంది. ఇంట్లో కూడా అంతే. నేను నిజమని నిరూపించడం ఎవరికీ అక్కర్లేదు. నేను లొంగితే చాలు. ఇన్నేళ్లూ నేను చెప్పుకుంటూ పోయాను, ఒప్పించాలని చూశాను, వాళ్లు తల ఊపితే చాలని ఎదురుచూశాను. కాళ్లకు పసుపు ఎందుకు పెట్టుకోనో చెప్పాను. చాయ్ ఎందుకు పంచనో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, పంచాను. ఇంక ఎవరినీ ఒప్పించదలచుకోలేదు.

మా దగ్గర, దిమ్మ కొనేవాళ్లకు రిపోర్టు పోవాలంటే కొలిచిన మనిషి సంతకం ఒక్కటే కావాలి. పంపే ముందు సార్‌కు చూపించడం అలవాటే గానీ నిబంధన కాదు. ఆ అలవాటు నేనే చేశాను, గౌరవం కోసం. కంప్యూటరు ముందు కూర్చుని దిమ్మ సంఖ్య వేసి రాయడం మొదలుపెట్టాను.

సోమవారం పొద్దున సార్ గదిలోకి రమ్మని కబురొచ్చింది. తలుపు తీస్తే లోపల హరికృష్ణ కూర్చుని ఉన్నాడు. ఆ మధ్య నాకు ఆపరేషన్ అయిన రోజున దొరకని సెలవు ఈ రోజు దొరికింది ఆయనకు. ఇద్దరి చేతుల్లో చాయ్ కప్పులున్నాయి, ఎవరు పెట్టిచ్చారో. ఇద్దరి మధ్య బల్ల మీద ఒప్పుకోలు పత్రం, దాని మీద పెన్ను. నా పేరు, కింద గీత. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రా అమ్మా. మీ ఆయన గూడ వచ్చిండు. ఇగ కానియ్యి" అన్నాడు కిషన్ రావు.

"సంతకం శనివారమే పెట్టిన సార్" అన్నాను. "కస్టమర్‌కు పోయిన రిపోర్టు మీద. సీసం, క్రోమియం ఎంతున్నయో, ఎంత లోపలి దాకా ఉన్నయో రాసిన. అచ్చుకు రాసిన పసుపు నుంచి వచ్చిందని రాసిన. మూడు పసుపుల లెక్కలు గూడ జత చేసిన. దిమ్మను మళ్ల కరిగించి శుద్ధి చేసి ఇస్తమని గూడ రాసిన. పొద్దుగాల్నే వాళ్ల జవాబు వచ్చింది, సరే అన్నరు."

సార్ చేతిలో చాయ్ ఒలికింది. "ఎవరినడిగి పంపినవ్? డిస్పాచ్ గాదు, ఇంటికే పంపుత నిన్ను."

"పంపుండ్రి. కొలిచింది తప్పని మాత్రం రాసియ్యుండ్రి సార్, మీ సంతకంతోని."

సార్ రుమాలు తీసి ఒలికిన చాయ్ తుడుచుకున్నాడు. హరికృష్ణ మాత్రం లేచి నిలబడ్డాడు. నలుగురిలో పరువు పోయినప్పుడు ఆయన గొంతు సన్నబడుతుంది. "లతా, ఏందిది? నేను సార్‌కు మాటిచ్చిన."

నేను ఆ పత్రాన్ని నా వైపు తిప్పుకున్నాను. పెన్ను తీసి నా పేరు కొట్టేశాను. ఆ పైన ఖాళీలో మా ఆయన పేరు రాసి, పత్రాన్నీ పెన్నునూ ఆయన ముందుకు జరిపాను.

"మాట మీది. సంతకం మీరే పెట్టుండ్రి."